అడవి హంసలు: ఒక కథాపాఠము



ఈ సంచికలో మేము మీకొక కథ చెప్పి, దానినిగూర్చి మీతో కొంత విచారింపదలచితిమి. ఇది క్రొత్తకథ కాదు. డెన్మార్కు దేశస్థుడగు హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1838వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన కోపెన్‌హేగెన్ నగరమున ప్రకటించిన చిన్నపుస్తకములో నిది మొదట వెలువడినది. మీ రెరిగిన ఒంటికాలి తగరపు సిపాయి కథయు ఆ పుస్తకములోనిదే. అయితే ఈ హంసల కథను మీలో పెక్కుమంది కురచచేసిన ప్రతులలో మాత్రమే చదివియుందురు. ఆ ప్రతులలో రాజకుమార్తె చొక్కాలు అల్లును, హంసలు మనుష్యులగుదురు, పెండ్లి జరుగును, పుస్తకము ముగియును. మూలములోని రాజకుమార్తె అంతకంటె చాల గట్టిపిల్ల. కావున ముందుగా కథ వినుడు.

డెన్మార్కులో చలి ముదిరినప్పుడు వానకోవెలలు ఏ దూరదేశమునకు ఎగిరిపోవునో, ఆ దేశమున నొక రాజుండెను. ఆయనకు పదునొకండ్రు కుమారులు, ఒక్కతే కుమార్తె. ఆమె పేరు ఎలీసా. కుమారులు రొమ్మున నక్షత్రమును నడుమున ఖడ్గమును ధరించి బడికి పోవుచు, బంగారు పలకలమీద వజ్రపు బలపములతో వ్రాసెడివారు. ఎలీసా గాజుతో చేసిన చిన్నపీటమీద కూర్చుండి బొమ్మలపుస్తకము చూచుచుండెడిది. ఆ పుస్తకము వెల అర్ధరాజ్యము. ఈ మాటలను జ్ఞాపకముంచుకొనుడు. మరల వీనియొద్దకు రావలసియున్నది.

రాజు మరల వివాహమాడెను. వచ్చిన రాణి మంచిది కాదు. పండుగదినముననే ఆమె పిల్లలకు పిండివంటలకు మారుగా టీ గిన్నెలో ఇసుక పోసియిచ్చి, దీనినే తినుబండారమనుకొని ఆడుకొనుడనెను. తరువాతి వారమున ఎలీసాను పల్లెకు బంపి రైతులయింట నుంచెను. రాజకుమారులమీద లేనిపోని చాడీలు చెప్పి తండ్రి మనస్సు విరిచెను. పిమ్మట, నోరులేని పెద్దపక్షులై ఎగిరిపొండని వారిని శపించెను. కాని ఆమె తలచినంత కీడు చేయుటకు ఆమెకు శక్తి చాలలేదు. వారు పదునొకండు తెల్లని అడవిహంసలై కిటికీగుండ ఎగిరి వనముల మీదుగా పోయిరి.

పల్లెలో ఎలీసాకు ఆటవస్తువులు లేవు. ఒక పచ్చని ఆకు దొరికినది. దానికి బెజ్జము పొడిచి, ఆ బెజ్జములోనుండి సూర్యుని చూచి, అన్నల తేటకన్నులు చూచినట్లే సంతోషించెడిది. పదునైదేండ్లు నిండగా ఆమెను కోటకు రప్పించిరి. సవతితల్లి ఆమె సౌందర్యమునకు కనలి, అక్రోటుకాయ రసము ఒడలెల్ల పూసి, జుట్టు చిక్కుపడజేసి తండ్రియెదుట నిలిపెను. తండ్రి చూచి బెదరి, ఈమె నా కుమార్తె కాదనెను. కావలికుక్కయు వానకోవెలలును గుర్తుపట్టినవి గాని, వాని సాక్ష్యము నడిగిన వారెవరు?

ఇక్కడినుండి కథ ఎలీసా కాళ్లమీదనే నడచును. ఆమెను పొమ్మన్నవారు లేరు, దారి చూపినవారు లేరు. తనవలెనే అన్నలును వెళ్లగొట్టబడియుందురని తలచి, వారిని వెదకి కనుగొందునని ఆమెయే కోట విడిచి, బీళ్లును చిత్తడినేలలును దాటి పెద్ద అడవిలో ప్రవేశించెను. రాత్రులు చెట్లక్రింద పండుకొనెను. మడుగులో మొగము కడుగుకొనగా పూసిన నలుపు వదలినది. ఒక ముసలమ్మ బుట్టతో పండ్లు తెచ్చుచు కనబడి, తలలమీద బంగారు కిరీటములుగల పదునొకండు హంసలు ఏటిలో ఈదిపోవుట చూచితి ననెను. ఎలీసా ఆ యేటిని విడువక నడచి సముద్రతీరము చేరెను. ఒడ్డున నాచులో పదునొకండు తెల్లని ఈకలు పడియుండెను. అలలు కఠినశిలలను ఎట్లు నునుపుచేయునో అచ్చట నిలిచి చూచి, అలయని వానిగుణము తానును నేర్చుకొందు ననుకొనెను. ప్రొద్దు క్రుంకువేళ హంసలు దిగినవి. ప్రొద్దు క్రుంకగానే అన్నలు నిలువబడిరి.

వారు రేయి మనుష్యులు, పగలు పక్షులు. సంవత్సరమున కొక్కసారి మాత్రమే తమ దేశమునకు వచ్చి పదునొకండు దినములుండుటకు వారికి సెలవు. వారుండు దేశము సముద్రమునకు ఆవల నున్నది. దానిని దాటుటకు సంవత్సరములో మిక్కిలి నిడుపైన రెండు పగళ్లు కావలెను. నడుమ నొక చిన్నరాయి తప్ప దీవి లేదు. అన్నలు వంగెడి చెట్టుబెరడును గట్టి రెల్లును కలిపి రాత్రియంతయు వల అల్లిరి. చెల్లెలిని అందులో పరుండబెట్టి, ముక్కులతో వల పట్టుకొని, సూర్యోదయమున లేచిరి. చిన్నయన్న ఆమె మొగముమీద రెక్కల నీడ పడునట్లు ఎగిరెను. సాయంకాలము మబ్బులు క్రమ్మినవి; బరువుచేత ప్రయాణము మందగించినది; సూర్యుడు సముద్రములో సగము మునుగువరకు రాయి కనబడలేదు. సూర్యుడు పూర్తిగా మునిగినచో పక్షులు మనుష్యులై నీటబడుదురు గదా! నీటినాయి తలయంతగా రాయి కనబడినది. పాదములు మోపునప్పటికి సూర్యబింబము నిప్పురవ్వవలె ఆరిపోయినది. ఆ రాతిమీద పండ్రెండుగురు చేతులు పట్టుకొని, తుంపరలలో తడియుచు తెల్లవారువరకు నిలిచిరి. ఈ ఘట్టము చెప్పునప్పుడు మా తరగతిలో ఊకొట్టువారు కూడ ఊకొట్టుట మానుదురు.

ఆవలిదేశమున నొక గుహలో నిద్రించుచుండగా ఎలీసాకు కల వచ్చినది. కలలోని దేవకన్యకు అడవిలోని ముసలమ్మ పోలిక యుండెను. ఆమె చెప్పిన ఉపాయ మిది: ఈ గుహచుట్టును సమాధులతోటలోను మొలచు నెటిల్ మొక్కలను కోయుము, చేతులు పొక్కును, వానిని పాదములతో త్రొక్కి నార తీసి, పొడుగుచేతుల చొక్కాలు పదునొకండు అల్లి హంసలమీద వేయుము, కాని పని మొదలిడినది మొదలు ముగియువరకు, సంవత్సరములు పట్టినను సరే, నోరు విప్పరాదు, నీ నోటినుండి వచ్చు మొదటిమాట నీ యన్నల గుండెలలో కత్తివలె దిగును.

ఎలీసా లేచి పని మొదలుపెట్టెను. ఒక చొక్కా ముగిసి రెండవది సాగుచుండగా, వేటకు వచ్చిన ఆ దేశపు రాజు ఆమెను చూచి, గుర్రముపై నెక్కించుకొని పోయి రాణిని చేసెను. ఆమెకు ప్రీతియగునని గుహవంటి చిన్నగదియు అమర్చి, నారకట్టయు చొక్కాయు అందులో నుంచెను. మంచిరాజే. కాని ఆర్చిబిషప్పు ఆదినుండి తల యూపుచు, ఈమె మంత్రగత్తె యని రాజు చెవిలో నూదుచుండెను. ఏడవచొక్కా మొదలుపెట్టగా నార అయిపోయినది. రాత్రివేళ సమాధులతోటకు పోవక తప్పలేదు. ఆర్చిబిషప్పు చూచెను, రాజునకు చెప్పెను, మరియొక రాత్రి రాజునకే చూపించెను. ప్రజలు తీర్పుచెప్పవలె ననిరి. ప్రజలు నిప్పులో వేయుడనిరి.

చెరసాలలో ఆమెకు తలగడగా నెటిల్ మోపును, కప్పుకొనుటకు ఆ గరుకుచొక్కాలను ఇచ్చిరి. ఎగతాళికే ఇచ్చిరి గాని ఆమెకు అంతకంటె కావలసిన దేమున్నది? బండిలో నెక్కించి తీసికొనిపోవునప్పుడును ఆమె వ్రేళ్లు ఆగలేదు. పది చొక్కాలు పాదములయొద్ద, పదునొకండవది చేతిలో. జనులు చొక్కాలు చింపివేయ మీదికి వచ్చిరి. పదునొకండు హంసలు దిగి బండిచుట్టు రెక్కలు తాటించినవి. తలారి చేయి పట్టుకొనగానే ఆమె చొక్కాలను విసరెను. పదునొకండ్రు రాకుమారులు నిలువబడిరి. చిన్నవానికి మాత్రము ఒక చేతికి బదులు హంసరెక్క మిగిలెను. ఆ చొక్కాకు ఒక చేయి అల్లుటకు వ్యవధి లేకపోయెను. ‘ఇక మాటాడవచ్చును. నేను నిర్దోషిని,’ అని ఎలీసా పలికి స్పృహ తప్పెను. పెద్దయన్న జరిగినదెల్ల చెప్పెను. కాల్చుటకు పేర్చిన కట్టెలు వేళ్లుదన్ని గులాబిపొదయై పూచినవి; రాజు అందులో పైనున్న తెల్లపువ్వు కోసి ఆమె రొమ్మున నుంచగా ఆమె కన్నులు తెరచెను.

కథ ఇది. ఇక విచారింతము.

మొదట నెటిల్ మొక్క. మన పొలముగట్ల దురదగొండి వేరు, ఇది వేరు. రెంటికిని చుట్టరికము లేదు. పని మాత్రము ఒక్కటే. నెటిల్ ఆకులమీదను కాడమీదను సన్నని నూగు కలదు. ఒక్కొక్క నూగు గాజువంటి బోలుసూది. తాకగానే కొన విరిగి, సూది చర్మములో దిగి, లోపలి ద్రవమును విడుచును. హిస్టమిన్ మొదలగు పదార్థము లందులో నుండుటచేత మంటయు పొక్కులును కలుగును. త్రొక్కి నలిపినను, ఎండబెట్టినను ఆ సూదులు పాడగును; కనుక దేవకన్య త్రొక్కుమని చెప్పుట వట్టిమాట కాదు. సమాధులతోట యనుటయు వట్టిమాట కాదు. భాస్వరమును నత్రజనియు సమృద్ధిగా నున్న నేలలో ఈ మొక్క బలియును. మనుష్యులు బహుకాలము కాపురమున్న చోట్లను, పాతిపెట్టబడిన చోట్లను అది దట్టముగా పెరుగును. ఆండర్సన్ దీనిని చిన్నతనముననే కన్నులార చూచియుండును.

దానినారతో బట్ట అగునా యని మీ రడుగవచ్చును. అగును. మనయొద్ద గోగుకట్టెలను చెరువులో నానవేసి నార దీయు విధము మీరు చూచినదే. నెటిల్ కాడనుండియు అట్టి నారయే వచ్చును. 1914 మొదలు 1918 వరకు జరిగిన యుద్ధములో ప్రత్తి దొరకక జర్మనీవారు ఈ నారతో బట్టలు నేసిరి. ఇంతకంటె వింతయైనది వినుడు. ఆండర్సన్ పుట్టిన ఓడెన్స పట్టణము ఫ్యూన్ అను ద్వీపములో నున్నది. అదే ద్వీపములో లూసెహోయ్ అను ప్రాచీనసమాధిదిబ్బను త్రవ్వగా, కంచుపాత్రలో దహనముచేసిన యెముకలును, వానికి చుట్టిన బట్టయు దొరికినవి. వానికి సుమారు 2,800 ఏండ్ల ప్రాయము. చిరకాలము దానిని అవిసెనార బట్టయని తలచిరి. 2012లో పరీక్షించి అది నెటిల్ నారయని పండితులు తేల్చిరి. తన యూరికి దాపున నేలలో ఎలీసా పనితనము వంటిది దాగియున్నదని ఆండర్సన్ ఎరుగడు. అయితే పచ్చికాడను త్రొక్కిన దినముననే నార అల్లుట మాత్రము కథకుని చలువ. నానబెట్టు పనిని ఆయన సుఖముగా విడిచిపెట్టెను.

కథయంతయు ఆయన కల్పించినదా? కాదు. అక్కచెల్లెండ్రు మౌనముండి పక్షులైన అన్నదమ్ములను విడిపించు కథలు యూరపు దేశములలో అనేకము. జర్మనీలో గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేసిన ఆరుహంసల కథలో చెల్లెలు ఆరేండ్లు మాటాడక, నవ్వక, పువ్వులతో చొక్కాలు కుట్టును. అందును చివరిచొక్కాకు ఎడమచేయి తక్కువపడును. కాని ఆ కథలో నేరము మోపునది అత్తగారు. ఆండర్సన్ అత్తగారిని తీసివేసి ఆర్చిబిషప్పును పెట్టెను.

ఇందునుగూర్చి మాతో పనిచేయు ఉపాధ్యాయు లొకరు మిషను పాఠశాలలో ఆర్చిబిషప్పును దోషిగా చెప్పుట బాగుగానుండదనియు, ఆయనను మంత్రిగా మార్చి చెప్పుమనియు మమ్ము కోరిరి. మేము మార్చలేదు. ఎందుచేతనన, కథలో ఒక చిన్నసంగతి కలదు: ఆయన చాడీ చెప్పుచున్నప్పుడు, చెక్కిన పరిశుద్ధుల ప్రతిమలు ‘అట్లు కాదు, ఆమె నిర్దోషి’ యన్నట్లు తల లూపినవి. ఆర్చిబిషప్పు దానికి వేరు అర్థము చెప్పుకొనెను. ప్రతిమలు ఒక వైపున, పదవిలోనున్నవాడు మరియొక వైపున. దీనిని మార్చినచో కథలో మిగులునది రాజకొలువు తగవు మాత్రమే. పైగా ఇది కేవలము కథ కాదు. డెన్మార్కులో నాలుగవ క్రిస్టియన్ రాజు 1617లో మంత్రగత్తెలనుగూర్చి శాసనము చేసిన పిమ్మట ఎందరో నిజముగా కాల్చబడిరి. అచ్చట న్యాయస్థానపు తీర్పున ఇట్టి నేరమునకు చివరి మరణదండన 1693లో జరిగెను. మనదేశమున చేతబడి, చిల్లంగి, బాణామతి యను పేర్లతో ఒంటరివారిమీద పడు జనులను తలచుకొనుడు. వారును తీర్పు చెప్పవలసినది ప్రజలే యందురు.

ఇప్పుడు పలకల సంగతి.

ఎనిమిదవ తరగతిలో ఈ కథ చెప్పినదినమున ఒక బాలిక లేచి, “మాస్టారూ, మాటాడకూడదు సరే, వ్రాయవచ్చును గదా? రాజునకు చీటి వ్రాసియిచ్చిన సరిపోవును గదా?” అనెను. తరగతి నవ్వినది. మేమును నవ్వి, కథలో తర్కము వెదకరాదు, కూర్చుండు మంటిమి. ఆ రాత్రి మనస్సు కుదురక పుస్తకము తీసి చూచితిమి. దేవకన్య నిషేధించినది నోటిమాటను మాత్రమే. వ్రాయరాదని లేదు. ఎలీసా తన దుఃఖమును రాజునకు చెప్పుకొనవలెనని తపించెనని కూడ కథలో నున్నది. మరి ఏల వ్రాయలేదు? మొదటిపుట తిప్పితిమి. బడికి పోయినది కుమారులు. బలపములు కుమారులవి. కుమార్తెకు బొమ్మలపుస్తకము. పిమ్మట పదునైదేండ్ల వరకు పల్లెలో రైతులయిల్లు. ఎలీసా అక్షరములు నేర్చెనని కథలో ఎచ్చటను లేదు. అడవిలో ఆమెకు వచ్చిన కలలో సైతము కనబడినవి అన్నలు వ్రాయు పలకలే. అర్ధరాజ్యము వెలపెట్టి తండ్రి కొనినది చూచుటకే గాని చదువుటకు కాదు.

ఇది ఆండర్సన్ తలచి వ్రాసెనో, తలపక వ్రాసెనో. ఆయన తల్లి బట్టలుతికి బ్రదికిన స్త్రీ, చదువు లేనిది. ఆయన తానును పదునేడవయేట, 1822లో, రాజు సాయముచేత స్లాగెల్స పట్టణపు బడిలో చేరి, తనకంటె చాల చిన్నవారితో బెంచీమీద కూర్చుండెను. పలక విలువ ఎరిగినవాడే.

మరునాడు తరగతిలో ఆ బాలిక ప్రశ్ననే అభ్యాసముగా నిచ్చితిమి: ఎలీసాకు వ్రాత వచ్చియుండినచో రాజునకు ఏమి వ్రాసియుండును? పెక్కుమంది పుటలు నింపిరి. కొందరు బాలురు ఆర్చిబిషప్పును గట్టిగా తిట్టిరి.

క్రిస్మసు సెలవుల తరువాత ఆ బాలిక బడికి రాలేదు. అన్న పట్టణములో చదువుచున్నాడనియు, ఇద్దరి ఖర్చు భరింపలేక ఈమెను మాన్పించి పనికి పంపుచున్నారనియు తెలిసినది. మేము వారియింటికి పోతిమి. తల్లి మజ్జిగ యిచ్చినది. తండ్రి మర్యాదగా, “అన్నకొరకు చెల్లెలు ఆమాత్రము చేయదా అయ్యగారూ? మీరు చెప్పిన హంసల కథ మా పిల్ల ఇంట చెప్పినది, ఎంతబాగున్నది!” అనెను. మాకు నోట మాట రాలేదు. చెల్లెలు చేతులు కాల్చుకొనుటయే గొప్ప యన్నట్లు మేమే గదా ఉత్సాహముగా చెప్పివచ్చితిమి! కొంతసేపటికి తేరుకొని, ఎలీసాను ఆ పనికి ఎవరును పంపలేదనియు, ఆమె తానై బయలుదేరినదనియు, అన్నలు సైతము ఆమె చేతులు చూచి ఏడ్చిరనియు చెప్పితిమి. చిన్నయన్న కన్నీరు పడినచోట మంట చల్లారినదను సంగతి మాత్రము మేము తరగతిలో చెప్పుట మరచినది. అచ్చట ఆ వాకిటిలో చెప్పితిమి. తండ్రి కొంతసేపు ఊరకుండి, పంట వచ్చినపిమ్మట చూతమనెను.

ఆ బాలిక నోటుపుస్తకము మా బల్లమీదనే యున్నది. అభ్యాసమునకు ఆమె వ్రాసినది రెండుపంక్తులు: “నేను మంత్రగత్తెను కాను. ఇంక అయిదు చొక్కాలు మిగిలియున్నవి, నాకు వ్యవధి యిండు.” ఎన్ని ముగిసినవో లెక్క సరిగా చూచుకొని వ్రాసినది ఆ తరగతిలో ఆమె ఒక్కతెయే. దిద్ది మార్కులు వేసితిమి. జూనులో బడి తెరచినప్పుడు ఆమెయే వచ్చి తీసికొనవలెనని దానిని ఇంటికి పంపలేదు.